జై కొట్టని ప్రింటర్

"ఇక నుంచి సిరిసిల్లలో నేసిన ప్రతి గుడ్డకూ ఒక గుర్తింపు ఉంటుంది. గుర్తింపు ఉన్న గుడ్డకు మార్కెట్ ఉంటుంది. మార్కెట్ ఉన్నచోట వలస అనే మాటే ఉండదు. ఆ గుర్తింపు కూడా వైరు గియిరు ఏమీ లేకుండా నేరుగా గాలిలోంచి వస్తుంది" అని గౌరవ మంత్రివర్యులు ప్రకటించారు. గాలి అన్నప్పుడు ఆయన చెయ్యి పైకెత్తి చూపించారు. జనమంతా పైకి చూశారు. షామియానా కనబడింది.

ఆ ప్రకటన వెలువడిన నలభై రోజుల్లోనే సిరిసిల్లలో స్మార్ట్ లేబుల్ కేంద్రం తెరుచుకుందంటే మన యంత్రాంగం ఎంత చురుకైనదో వేరే చెప్పనక్కర్లేదు. కేంద్రమంటే ఒక గది. గదిలో ఒక ఏసీ, ఒక కంప్యూటర్, మంత్రిగారి నిలువెత్తు ఫొటో, ఫొటో కింద టేబుల్, టేబుల్ మీద ఒక వైర్‌లెస్ లేబుల్ ప్రింటర్. ప్రింటర్ టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దానికి ఒక బుల్లి లైటు. నెట్‌వర్క్ దొరికితే పచ్చగా వెలుగుతుంది, దొరక్కపోతే ఎర్రగా కొట్టుకుంటుంది. ఇంతకు మించి అది ఎవరితోనూ ఏమీ మాట్లాడదు.

నియమాలు కూడా చాలా సులువుగా పెట్టారు. ఈ ఏడు సర్కారు బడి పిల్లల యూనిఫాం గుడ్డ నేసినవాళ్లు తమ తాన్లను, అంటే గుడ్డ చుట్టలను, కేంద్రానికి తెచ్చి, ఒక్కో తానుకు ఒక్కో లేబుల్ అంటించుకోవాలి. గడువు శనివారం సాయంత్రం ఐదు గంటలు. ఐదు దాటితే కంప్యూటర్ తనంతట తానే లెక్క మూసేసి, మిగిలిన ఆర్డర్‌ను వేరే రాష్ట్రంలోని ఒక మిల్లుకు పంపేస్తుంది. లేబుల్ లేని తాను సిరిసిల్లలో నేసినదైనా సిరిసిల్లలో నేసినట్టు కాదు. ఇందులో మనిషి ప్రమేయం అస్సలు లేదని కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేశారు.

బుధవారం పొద్దున్నే మనోహర్ ముప్పై ఆరు తాన్లు ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చి లైన్‌లో మొదట నిలబడ్డాడు. అతను నాలుగు సాంచాల ఆసామి. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలనే అంటారు, వాటిని నడిపించుకునే చిన్న యజమానిని ఆసామి అంటారు. ఆసామి అనగానే ఏదో భూస్వామిని ఊహించుకోవద్దు. కిరాయి రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు, రెండిటి మీద తను, రెండిటి మీద భార్య అనురాధ. అంతే.

రెండేళ్ల కిందటి దాకా మనోహర్ మస్కట్‌లో ఒక గోదాములో ఉండేవాడు. తొమ్మిదేళ్లు ఉన్నాడు. అక్కడ అతని పని డబ్బాలకు లేబుళ్లు అంటించడం, లేబుళ్లు రాకపోతే ప్రింటర్‌ను దారికి తేవడం. పోయినప్పుడు బిడ్డ నీలకు మూడు నెలలు. తిరిగొచ్చేసరికి నాలుగో తరగతి. ఫోన్‌లో చూసిన బాపు ఫోన్ బయట కూడా ఉంటాడని ఆ పిల్లకు నమ్మకం కుదరడానికి చాలా రోజులే పట్టింది. మొదట్లో అతను అన్నం తింటుంటే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని చూసేది.

ఇప్పుడు సంగతేమిటంటే, పోయినేడు ఐదు నెలలు సాంచాలు మూలకు పడ్డప్పుడు మనోహర్ తన పాస్‌పోర్టును కోరుట్లలో ఏజెంటు భూమన్నకు ఇచ్చి వచ్చాడు. వీసా మొన్ననే దిగింది. ఆదివారం పొద్దున ఫ్లైటు. "శనివారం సాయంత్రం లోపట వస్తవో రావో చెప్పు తమ్మీ. నువ్వు కాకుంటే ఇంకొకడు తయారుగున్నడు" అన్నాడు భూమన్న. నేసిన గుడ్డ నీలి గళ్ల యూనిఫాం గుడ్డ, బడి పిల్లలకు తప్ప లోకంలో ఎవరికీ పనికిరాదు. లేబుల్ పడితే గుడ్డ పోతుంది, మనోహర్ ఉంటాడు. పడకపోతే గుడ్డ ఉంటుంది, మనోహర్ పోతాడు. అతనికి పోవాలని లేదు.

కౌంటర్ దగ్గర కూర్చున్నది నవనీత. కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్. ఆమె మనోహర్ ఆధార్ నంబరు కొట్టి, తాన్లు ఎక్కించి, ప్రింట్ నొక్కింది. ప్రింటర్ ఎర్ర లైటు కొట్టుకుంది.

"వస్తలేదన్నా. జర ఆగు" అని ఆపి మళ్ళీ పెట్టింది. ఎర్రదే. ఆపింది, పెట్టింది. ఎర్రదే.

మనోహర్ వెనక పన్నెండు తాన్లతో నర్సవ్వ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, కొడుకు రెండు సాంచాలు నడుపుతాడు. "ఏమైంది బిడ్డా?" అంది.

"నెట్‌వర్క్ దొరుకుతలేదవ్వా."

"గీ రూములనే ఉంటదంటివి గద. మంచిగ చూడు, టేబుల్ కింద గిట్ల పడ్డదేమో."

పది గంటలకు చేనేత జౌళి శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ దివాకర్ గారు దయచేశారు. ఆయన సిరిసిల్లకే కాదు, జగిత్యాలకు కూడా ఇంచార్జి. రెండు జిల్లాలకు ఒకే ఆఫీసరు ఉంటే ఆ రెండింటి మధ్య ఎలాంటి అభిప్రాయ భేదాలూ రావన్నది ప్రభుత్వ దూరదృష్టి.

"ఆఫ్ చేసి ఆన్ చేసినవా?" అని అడిగారు.

"ఏడుసార్లు చేసిన సార్" అంది నవనీత.

"నేను ఉండంగ చెయ్యలే గద."

ఆయన సమక్షంలో ఎనిమిదోసారి చేశారు. దాన్ని ఫొటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "సాంకేతిక సమస్యపై యుద్ధ ప్రాతిపదికన చర్యలు" అని కింద రాశారు. ఎర్ర లైటు ఫొటోలో చాలా స్పష్టంగా పడింది.

ఈలోగా మనోహర్ తన ఫోన్‌ను కేంద్రం వైఫైకి కలిపి చూశాడు. వెంటనే ఫోన్ తెర మీద మంత్రిగారు ప్రత్యక్షమై స్వాగత సందేశం మొదలుపెట్టారు. ఈ వైఫైకి అదొక విశిష్టత. ఎవరు కలుపుకున్నా ముందు నాలుగు నిమిషాల పదకొండు సెకన్ల సందేశం చూడాలి, మధ్యలో దాటెయ్యడానికి లేదు. చివర్లో "ధన్యోస్మి మంత్రిగారూ" అని ఒక బటన్ వస్తుంది. అది నొక్కితేనే నెట్ వదులుతుంది. మనోహర్ మొత్తం చూశాడు, ధన్యోస్మి నొక్కాడు, ప్రింటర్ వైపు ఒకసారి చూశాడు. అతనికి రోగం తెలిసిపోయింది.

"సార్, మిషిన్ మంచిగనే ఉంది. నెట్టు గూడ మంచిగనే ఉంది" అన్నాడు. "మంత్రిగారి వీడియో చూసి బటన్ ఒత్తితెనే గద లోపలికి తోలేది? ఫోనంటే మనం చూస్తం, మనం ఒత్తుతం. ప్రింటర్ ఎట్ల చూస్తది సార్? దానికి తెర లేదు. ఒత్తుదామంటె వేలు లేదు. గా వీడియో ఒక్క ఐదు నిమిషాలు బంద్ పెట్టుండ్రి, పచ్చ లైటు పడ్తది."

దివాకర్ గారు చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

"ఏం బంద్ పెట్టాలె?" అన్నారు దివాకర్ గారు.

"వీడియో సార్."

"ఎవరి వీడియో?"

"మంత్రిగారిది."

దివాకర్ గారు తలుపు వైపు చూశారు, ఫొటో వైపు చూశారు. "నేనైతే వినలే. నవనీతా, నువ్వు విన్నవా?"

"లేదు సార్."

"నేను విన్న సారూ" అంది నర్సవ్వ. "పిలగాడు మంచిగనే చెప్పిండు."

వైరు పెడితే అయిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. డబ్బాలో వైరు కూడా వచ్చింది. కానీ మంత్రిగారు వైర్‌లెస్ అని బహిరంగ సభలో చెప్పాక ఆ ఆవరణలో వైరు కనబడటం మర్యాద కాదని మొదటి రోజే దాన్ని జగిత్యాల స్టోర్‌కు పంపేశారు. నవనీత సొంత ఫోన్ నెట్ వాడదామంటే, ఆ సాఫ్ట్‌వేర్ సర్కారు వైఫై తప్ప ఇంకోటి ముట్టదు.

"పోనీ సార్, వీడియో ఉండనీయుండ్రి" అన్నాడు మనోహర్. "గీ ఒక్క మిషిన్ నంబరు వైఫైల రాసి పెడితె వీడియో చూడకుంటనే దాన్ని లోపలికి తోలుతది. మస్కట్ల మేం గట్లనే చేసేది. రెండు నిమిషాల పని."

"అంటే మినహాయింపు" అన్నారు దివాకర్ గారు. ఆయన ముఖం కొంచెం తేరుకుంది. మినహాయింపు అంటే ఫైలు ఉంటుంది.

సరిగ్గా అప్పుడే మహిపాల్ వచ్చాడు. మహిపాల్ అధికార పార్టీ పట్టణ నాయకుడు, తెల్ల చొక్కా, మంత్రిగారి పర్యటన ఏర్పాట్లన్నీ అతనివే. శనివారం నాలుగు గంటలకు మంత్రిగారు స్వయంగా వచ్చి మొదటి లేబుల్ విడుదల చేస్తారని చెప్పడానికి వచ్చినవాడు, జరిగిందంతా విని ప్రింటర్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అంటే జిల్ల మొత్తంల మంత్రిగారికి ధన్యోస్మి చెప్పనిది గిదొక్కటే అన్నట్టు."

"చెప్పలేకపోతున్నది" అన్నారు దివాకర్ గారు.

"చెప్పలేకపోవుడు వేరు, చెప్పకపోవుడు వేరు సార్. వచ్చిన కాన్నుంచి ఎర్ర లైటే సూపెడుతున్నది. ఎవడు తెచ్చిండు దీన్ని? గాయన ఇదివరకు ఏ పార్టీ?" మహిపాల్ మనోహర్ వైపు తిరిగాడు. "నువ్వెందుకు దాని తరఫున మాట్లాడుతున్నవ్? మంత్రిగారి వీడియోతోని నీకేం ఇబ్బంది?"

"నాకేం ఇబ్బంది లేదన్నా. నాకు ముప్పై ఆరు తాన్లున్నయి."

మినహాయింపు ఫైలు గురువారం పొద్దున తయారైంది. "స్మార్ట్ లేబుల్ ప్రింటరు ఒకటి, మంత్రివర్యుల సందేశం వీక్షించుట నుండి మినహాయించుటకు అనుమతి కోరుట" అని విషయం రాశారు. రెండు జిల్లాలకూ సాంకేతిక అనుమతులు ఇచ్చే అధికారం జగిత్యాల ఆఫీసుది. కాబట్టి దివాకర్ గారు సిరిసిల్ల అధికారి హోదాలో ఉత్తరం మీద సంతకం పెట్టి, ఫైలును కారులో పెట్టుకుని, తానూ పక్కన కూర్చుని జగిత్యాల వెళ్లారు. అక్కడ కుర్చీలో కూర్చున్నాక అటెండరు ఆ ఫైలును తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

జగిత్యాల అధికారి హోదాలో చూస్తే ఆ ఫైలులో చాలా లోపాలు కనబడ్డాయి. సిరిసిల్ల అధికారి తొందరపడినట్టు స్పష్టంగా తెలుస్తోంది. ఆయన మూడు కొర్రీలు రాశారు. సందేశం వీక్షించుటలో సదరు యంత్రమునకు గల అభ్యంతరమేమిటి? ఈ మినహాయింపు ఇచ్చినచో రేపు ఫ్యాన్లు, ట్యూబులైట్లు కూడా అడుగవని హామీ ఎవరు ఇచ్చెదరు? సదరు యంత్రము నుండి లిఖితపూర్వక సంజాయిషీ తీసుకొనబడినదా? సంతకం పెట్టి, ఫైలు మూసి, అదే కారులో సాయంత్రానికి సిరిసిల్ల చేరారు. ఇక్కడి కుర్చీలో కూర్చుని విప్పి చదువుకున్నారు.

"గీ జగిత్యాలోళ్లు ఎప్పుడు గింతే" అని నిట్టూర్చారు. "ఊకె కొర్రీలు పెడ్తరు."

మనోహర్ రెండు రోజులుగా అక్కడే ఉన్నాడు. తాన్లు వరండాలో, అతను తాన్ల మీద. "సార్, గా సంతకం గూడ మీదే గద" అన్నాడు.

"మనిషి ఒక్కడే మనోహర్. కుర్చీ వేరు."

శుక్రవారం నాడు సమస్యను అన్ని వైపుల నుంచీ ముట్టడించారు. ముందుగా ప్రింటర్‌కు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. తీసుకున్నట్టు సంతకం పెట్టడానికి అది నిరాకరించడంతో దాని వీపునే అంటించారు. తర్వాత మహిపాల్ తన ఇంట్లోంచి పెద్ద టీవీ తెప్పించి ప్రింటర్ ఎదురుగా పెట్టించాడు. దానికి కళ్లు లేకపోతే లేకపోయె, మనవైపు నుంచి లోటు ఉండకూడదని అతని ఉద్దేశం. మంత్రిగారి సందేశం మూడుసార్లు, పూర్తి సౌండుతో నడిచింది. గదిలో ఉన్నవాళ్లంతా నిలబడి విన్నారు. ప్రింటర్ ఎర్ర లైటు కొట్టుకుంటూనే ఉంది, కానీ మూడోసారికి కొంచెం మెల్లగా కొట్టుకుందని మహిపాల్ అన్నాడు.

నర్సవ్వ కొంగు ముడి విప్పి పసుపు కుంకుమ తీసి ప్రింటర్‌కు బొట్టు పెట్టింది. దసరాకు సాంచాలకు పెట్టమా, దీనికి ఎవరూ పెట్టినట్టు లేదు, అందుకే అలిగి ఉంటుందని ఆమె లెక్క. మూడు రోజుల్లో ఆ యంత్రం మీద చెయ్యి వేసి నిమిరిన మనిషి ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం హైదరాబాదులోని కంపెనీ ఇంజనీరు ఫోన్‌లో దొరికాడు. స్పీకర్ పెట్టారు.

"ఆఫ్ చేసి ఆన్ చేశారా?"

"నలభై ఒక్కసారి" అంది నవనీత.

"అయితే లాగిన్ పేజీలో ఏదైనా బటన్ నొక్కాలేమో చూడండి. ప్రింటర్ తెర మీద వస్తుంది."

"దీనికి తెర లేదు సార్."

"అలాగైతే తెర ఉన్న మోడల్ కొనుక్కోండి మేడం. లేదా ఆ పేజీ తీసేయండి. ఎవరు పెట్టారో గానీ, బుద్ధున్నవాడెవడూ—"

దివాకర్ గారు మెరుపులా వంగి ఫోన్ కట్ చేశారు. ఆ వయసులో ఆయన అంత చురుగ్గా కదలడం చూసి అందరూ ముచ్చటపడ్డారు.

సాయంత్రం మనోహర్ ఇంటికి పోయి స్నానం చేసి అన్నానికి కూర్చున్నాడు. అనురాధ పప్పు వేస్తూ, "ఏమన్నరు?" అంది.

"మిషిన్ జై కొడుతలేదట."

"కొట్టియ్యి మరి. మస్కట్ల తొమ్మిదేండ్లు గదే పని చేసినవ్ గద."

"మస్కట్ల మిషిన్లకు గీ బాధ లేకుండె."

అనురాధ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నువ్వు పోతె నాలుగు సాంచాలు నేనొక్కదాన్ని నడపలేను. గంతే కాదు. నాకు మళ్ల ఫోన్ల సంసారం చేసుడు చాతగాదు. చెప్తున్న" అంది. నీల మాత్రం ధీమాగా ఉంది. మా బాపు మిషిన్ల డాక్టర్ అని బడిలో అందరికీ చెప్పి వచ్చింది.

శనివారం పొద్దుటికి లైన్ కేంద్రం దాటి రోడ్డు ఎక్కింది. షామియానా లేచింది. మంత్రిగారి కోసం ఎర్ర తివాచీ ప్రింటర్ దాకా పరిచారు. నాలుగయింది. మంత్రిగారు గంభీరావుపేట దాటారని ఒకరు, ఇంకా బయల్దేరలేదని ఒకరు అన్నారు. మనోహర్ దివాకర్ గారిని పక్కకు పిలిచాడు.

"సార్, ఇంక గంట ఉంది. పాస్‌వర్డు మీ దగ్గరనే ఉంది. ఐదే ఐదు నిమిషాలు బంద్ పెట్టుండ్రి. లేబుళ్లు పడంగనే మళ్ల పెట్టుండ్రి. ఎవలకు తెలుస్తది?"

దివాకర్ గారు గొంతు తగ్గించారు. ఆయన చెడ్డవాడు కాదు. "మనోహర్, పోయినేడు బుగ్గారంల ఫ్లెక్సీ కడుతుంటె మంత్రిగారి ముక్కు మీద మేకు పడ్డది. కట్టించిన ఏఈ ఇప్పుడు ఎక్కడున్నడో ఆయన భార్యకు గూడ సరిగ తెల్వదు. నాకు రిటైర్మెంటు పద్నాలుగు నెలలుంది" అన్నారు. "మంత్రిగారు రానీ. ఆయననే అడుగుదం."

"ఐదు అయినంక అడిగి ఏం లాభం సార్?"

ఆయన తివాచీ మడత సరిచేయించడానికి వెళ్లారు.

ఐదయింది. కంప్యూటర్ తెర మీద "సమయం ముగిసినది. మీ సహకారమునకు కృతజ్ఞతలు" అని వచ్చింది. ఎవరూ ఏమీ చేయలేదు, ఎవరి ప్రమేయమూ లేదు. అంతా కరపత్రంలో చెప్పినట్టే జరిగింది. నవనీత కుర్చీలోంచి లేచి, మనోహర్ ముఖం చూడలేక మళ్ళీ కూర్చుంది.

మనోహర్ వరండాలోకి వచ్చి తన తాన్ల పక్కన నిలబడ్డాడు. ఫోన్ తీసి కోరుట్లకు చేశాడు. "భూమన్నా, వస్తున్న" అన్నాడు. తర్వాత ఇంటికి చేశాడు. అనురాధ ఎత్తింది. "నీలకు నువ్వే చెప్పు, నేను చెప్ప" అని పెట్టేసింది. పక్కనే గడప మీద కూర్చున్న నర్సవ్వ అంతా వింది.

ఆరూ పది నిమిషాలకు మంత్రిగారు వేంచేశారు. డప్పులు, దండలు, ఫొటోలు. గదిలోకి వచ్చి ప్రింటర్‌ను చూసి, "గిదేనా?" అన్నారు. గిదే అన్నారు అందరూ. ఆ చారిత్రక క్షణాన్ని ప్రజలకు ప్రత్యక్షంగా చూపించాలని ఆయన ఫోన్ తీశారు. అంత జనంలో సిగ్నల్ అందలేదు.

"వైఫై ఉన్నదా?"

"ఉంది సార్. మీదే సార్" అన్నాడు మహిపాల్.

మంత్రిగారి ఫోన్ వైఫైకి కలిసింది. తెర మీద మంత్రిగారు ప్రత్యక్షమై మంత్రిగారికి స్వాగతం చెప్పడం మొదలుపెట్టారు. గదిలో అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. మంత్రిగారు మొదటి అర నిమిషం తనను తాను ఆసక్తిగా చూసుకున్నారు. నిమిషానికి బొటనవేలితో తెరను పక్కకు తోశారు. తెర కదల్లేదు. మళ్ళీ తోశారు.

"ఎంతసేపుంటదిది?"

"నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు సార్" అన్నారు దివాకర్ గారు.

"ఎవడు పెట్టిండయ్యా గీ దరిద్రం? తీసేయుండ్రి."

దివాకర్ గారు తొమ్మిది సెకన్లలో తీసేశారు. టేబుల్ మీద ప్రింటర్ కుర్రుమంది. ఎర్ర లైటు ఆగింది. పచ్చ లైటు వెలిగింది.

ఏం చప్పట్లనుకున్నారు. మంత్రిగారు అడుగు పెట్టగానే మిషిన్ లేచి కూర్చుందని బయట షామియానా దాకా వార్త పాకింది. మహిపాల్ కళ్లు చెమర్చాయి. "నేను ముందుగాలనే చెప్పిన సార్, గీ మిషిన్ మీకోసమే ఆగింది" అన్నాడు.

"ఏదీ, ఒక లేబుల్ కొట్టుండ్రి" అన్నారు మంత్రిగారు.

నవనీత కంప్యూటర్ తెర చూపించింది. "గుడ్డది ఐదుకే క్లోజ్ అయింది సార్."

మనోహర్ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "సార్, నాయి ముప్పై ఆరు తాన్లున్నయి. గీ అవ్వయి పన్నెండు. బుధవారం కాన్నుంచి లైన్ల ఉన్నం. ఒక్క గంట టైం ఇప్పియ్యుండ్రి సార్."

మంత్రిగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "తమ్మీ, కంప్యూటర్ మూసిన తలుపు నేను గూడ తెరవలేను. మంత్రి అయినా, కూలి అయినా దానికి ఒక్కటే. గదే మన పాలన" అన్నారు. మళ్ళీ చప్పట్లు. మనోహర్ భుజం మీద చెయ్యి చాలాసేపు అలాగే ఉంది, ఫొటోగ్రాఫర్లు ఇంకా అయిపోలేదు అన్నందువల్ల.

అయినా లేబుల్ లేకుండా మంత్రిగారు వెళ్తే ఎలా? నవనీత తెర మీద పైకీ కిందికీ వెతికింది. "ఇంకో స్కీం ఉంది సార్. విదేశాలకు పోయేటోళ్ల సామానుకు లేబుల్. దానికి టైం లేదు, ఇరవై నాలుగు గంటలు తెరిచే ఉంటది" అంది.

"మంచిగైంది. పోయేటోళ్లు ఎవలన్న ఉన్నరా?"

గడప దగ్గర నుంచి నర్సవ్వ అంది, "గీ పిలగాడే పోతున్నడు సారూ. రేపు పొద్దుగాల."

ప్రింటర్ ఒక్క సెకనులో లేబుల్ కక్కింది. దాని పనితనం అద్భుతం. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. గుడ్డకు చేసిన నమూనానే దీనికీ వాడటం వల్ల వివరాలు సమగ్రంగా పడ్డాయి. పేరు మనోహర్. తయారైన చోటు సిరిసిల్ల. చేరవలసిన చోటు మస్కట్. నాణ్యత మొదటి రకం. తనిఖీ అయినది.

"సామాను ఏది?" అన్నారు మంత్రిగారు, లేబుల్ వెనక కాగితం ఊడబెరుకుతూ.

"ఇంట్ల ఉంది సార్."

"సార్, లైట్ పోతంది" అన్నాడొక ఫొటోగ్రాఫరు.

మంత్రిగారు ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, లేబుల్‌ను మనోహర్ చొక్కా జేబు మీద అంటించారు. ఫ్లాషులు వెలిగాయి. ఒక మూల సరిగ్గా అతుక్కోలేదు. మనోహర్ చెయ్యి దానంతట అదే లేచి, బొటనవేలితో మధ్యలోంచి అంచుకు, అంచు నుంచి మూలకు, గాలి మిగలకుండా ఒత్తింది.

"చూసిండ్రా, ఎంత సుతారంగ ఒత్తిండో" అన్నారు మంత్రిగారు అందరితో. "గిసొంటి నైపుణ్యం మన జిల్లల ఉన్నందుకు గర్వపడాలె." ఆయన కార్లు వేములవాడ రోడ్డు ఎక్కాయి. తివాచీ చుట్టేశారు. దివాకర్ గారు "మొదటి లేబుల్ విజయవంతం" అని గ్రూపులో పెట్టారు.

లైన్ మాత్రం కదల్లేదు. నాలుగు రోజులుగా నిలబడ్డవాళ్లు, తాన్లు పక్కకు పెట్టి, ఆధార్ కార్డులు చేత పట్టుకుని మళ్ళీ వరసగా నిలబడ్డారు. పచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది. మనోహర్ పక్కకు జరిగితే నర్సవ్వ ముందుకొచ్చి కొడుకు కార్డు కౌంటర్ మీద పెట్టింది.

నవనీత తలెత్తకుండా నంబరు కొట్టింది. "ఏ దేశమవ్వా?"

"గా మనోహర్ పోయే దేశమే రాయి బిడ్డా" అంది నర్సవ్వ. "తెలిసినోడు ఒకడు ఉంటడు."